జాన్ గ్రిషమ్ మొదటి నవల కొనాలా? కొనండి, ముందుమాట ఉన్న ప్రతి చూసి మరీ కొనండి

జాన్ గ్రిషమ్ పేరు విన్నవాళ్ళలో చాలామంది ‘ద ఫర్మ్’తోనో, దాని సినిమాతోనో మొదలుపెడతారు. నేను మాత్రం ఎవరైనా ఆయన పుస్తకం ఒక్కటే కొంటానంటే ‘ఎ టైమ్ టు కిల్’ కొనమంటాను. ఆయన మొదటి నవల ఇది. ఇది రాస్తున్నప్పుడు ఆయన ఇంకా రచయిత కాదు, మిసిసిపీ రాష్ట్రంలో సౌత్‌హేవెన్ అనే ఊళ్ళో బోర్డు పెట్టుకుని కూర్చున్న ఒక మామూలు లాయరు. తర్వాతి నవలలు ఇంతకంటే వేగంగా పరిగెడతాయి, అల్లిక కూడా ఇంతకంటే బిగువుగా ఉంటుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఫీజు రాని కేసు ఒప్పుకుని రాత్రంతా నిద్రపట్టక దొర్లిన లాయరుకి మాత్రమే తెలిసే సంగతులు ఇందులో ఉన్నంతగా ఆయన ఇంకే పుస్తకంలోనూ లేవు.

ముందు పుస్తకం గురించి ఒక ముఖ్యమైన మాట. దీని తర్వాతి ముద్రణల్లో గ్రిషమ్ రాసిన చిన్న ముందుమాట ఉంటుంది. కొన్ని పేజీలే. పాత పుస్తకాల షాపులో కొంటున్నా, కొత్తది ఆర్డర్ పెడుతున్నా అది ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే నవలని ఎలా చదవాలో నాకు ఆ కొన్ని పేజీలే నేర్పాయి. తన హీరో జేక్ బ్రిగాన్స్ చేసినట్టే తానూ పదేళ్ళ పాటు ప్రాక్టీస్ చేశానని అందులో చెప్తాడు. బ్యాంకుల తరఫున, ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున, పెద్ద కార్పొరేషన్ల తరఫున ఎప్పుడూ నిలబడలేదట, మనుషుల తరఫునే నిలబడ్డాడట. హత్య కేసుల ఒత్తిడి ఎలా ఉంటుందో తనకీ జేక్‌కీ ఇద్దరికీ తెలుసని, క్లయింట్ల గురించి ఇద్దరం నిద్ర పోగొట్టుకున్నామని, కోర్టు బాత్‌రూముల్లో వాంతులు చేసుకున్నామని కూడా రాశాడు. ఆ వాక్యం చదివాక నవల్లో జేక్ టెన్షన్ పడే ప్రతిచోటా అది కల్పన అనిపించదు. మొదటి నవల కాబట్టి అక్కడక్కడా సాగుతుందని ఆయనే ఒప్పుకుంటాడు, అయినా అవకాశం ఇచ్చినా ఒక్క మాట కూడా మార్చనంటాడు. సాగుతుందన్న మాట నిజమే, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో తెలిస్తే పుస్తకం ఇంకా బాగా అర్థమవుతుంది. 1955లో ఆర్కెన్సా రాష్ట్రంలోని జోన్స్‌బరోలో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో రెండోవాడు. తండ్రి పత్తి పండించేవాడు, తర్వాత నిర్మాణ పనుల్లోకి వెళ్ళాడు, పని ఉన్న చోటికల్లా కుటుంబం ఊళ్ళు మారుతూ చివరికి మిసిసిపీలో స్థిరపడింది. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక నర్సరీలో గంటకి డాలరు జీతానికి గులాబీ మొక్కలకి నీళ్ళు పోశాడు, కంచెలు వేసే పని చేశాడు, ప్లంబింగ్ కాంట్రాక్టర్ దగ్గర చేశాడు, ఎండలో తారు రోడ్లు వేశాడు, ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో మగవాళ్ళ లోదుస్తుల కౌంటర్‌లో నిలబడి అమ్మాడు. బేస్‌బాల్ ఆటగాడు కావాలని కల, అది కుదరలేదు. మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీలో అకౌంటింగ్ చదివాడు, ట్యాక్స్ లాయర్ అవుదామని లా కాలేజీలో చేరాడు, చేరాక మనసు కోర్టులో వాదించడం మీదకి మళ్ళింది. 1981లో లా డిగ్రీ వచ్చింది. క్రిమినల్ కేసులు, ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ళ పరిహారం కేసులు, ఇవే ఎక్కువగా చేశాడు. 1983లో రాష్ట్ర శాసనసభకి ఎన్నికై 1990 దాకా సభ్యుడిగా కూడా ఉన్నాడు, అంటే కోర్టూ అసెంబ్లీ రెండూ నడుపుతూనే ఈ నవల రాశాడన్నమాట.

నవలకి బీజం 1984లో పడింది. డెసోటో కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కోర్టులో ఒక విచారణ చూస్తున్నాడు. పన్నెండేళ్ళ పాప తన మీద జరిగిన అత్యాచారం గురించి జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పింది. అది విని తట్టుకోలేకపోయాడు. ఆ పాప తండ్రి ఆ దుర్మార్గుణ్ణి తన చేతులతోనే చంపేసి ఉంటే ఏమయ్యేది, జ్యూరీ ఆ తండ్రిని ఏం చేసేది అన్న ప్రశ్న బుర్రలో తిరగడం మొదలైంది. ఆ ప్రశ్నే నవల. తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఆఫీసుకో కోర్టుకో వెళ్ళేలోపు లీగల్ ప్యాడ్ల మీద చేత్తో రాసేవాడు. రోజుకి కనీసం ఒక పేజీ. కొన్ని రోజులు గంటా రెండు గంటలు దొరికేవి, కొన్ని రోజులు పది నిమిషాలు. అలా మూడేళ్ళు. 1987లో పూర్తయింది.

పూర్తయ్యాక ఎవరూ వేయలేదు. ప్రచురణకర్తల నుంచీ ఏజెంట్ల నుంచీ వరసగా తిరుగు టపాలు. చివరికి విన్‌వుడ్ ప్రెస్ అనే చిన్న సంస్థ ముందుకొచ్చి 1988 జూన్‌లో 5,000 కాపీలు వేసింది. అందులో 1,000 కాపీలు ఈయనే కొన్నాడు! కారు డిక్కీలో వేసుకుని లైబ్రరీల చుట్టూ, చుట్టుపక్కల ఊళ్ళ పుస్తకాల షాపుల చుట్టూ తిరిగాడు. అప్పుడు పలకరించి తన పుస్తకం పెట్టుకున్న చిన్న షాపులని ఆయన మర్చిపోలేదు. ప్రపంచమంతా అమ్ముడుపోయే స్థాయికి వచ్చాక కూడా చాలా ఏళ్ళు కొత్త నవల రాగానే సంతకాలు పెట్టడానికి ఆర్కెన్సాలోని బ్లైత్‌విల్‌కీ, మిసిసిపీలోని ఆక్స్‌ఫర్డ్, జాక్సన్ లాంటి ఊళ్ళలో ఉన్న ఆ షాపులకే వెళ్ళాడు. ఇది నాకు చాలా గౌరవం కలిగించిన విషయం.

ఇప్పుడు నవల. క్లాంటన్ అనే కల్పిత ఊరు, ఫోర్డ్ కౌంటీ అనే కల్పిత కౌంటీ. కార్ల్ లీ హేలీ అనే నల్లజాతి కార్మికుడి పదేళ్ళ కూతుర్ని ఇద్దరు తెల్లవాళ్ళు పాడుచేసి చచ్చిందనుకుని వదిలేస్తారు. వాళ్ళు దొరుకుతారు. కోర్టులో హాజరుపరిచి వెనక్కి తీసుకెళ్తుండగా ఆ తండ్రి కోర్టు లోపలే కాపుకాసి ఇద్దర్నీ కాల్చేస్తాడు. ఎవరు చంపారన్న సస్పెన్స్ ఏమీ లేదు, అందరూ చూశారు. అతన్ని గ్యాస్ చాంబర్‌కి పంపాలా వద్దా అన్నదొక్కటే మిగిలింది. ఆ కేసు జేక్ బ్రిగాన్స్ అనే ముప్పై దాటిన తెల్ల లాయర్ చేతికి వస్తుంది.

మొదటి అధ్యాయమే ఆ పాప మీద జరిగిన దారుణం. నేను పుస్తకం మూసి పక్కన పెట్టి, కాసేపాగి మళ్ళీ తెరిచాను. పిల్లల మీద హింస చదవలేని వాళ్ళు రెండో అధ్యాయం నుంచి చదువుకోండి, కథ అర్థం కాకపోవడం అంటూ ఏమీ ఉండదు. ఇంకో హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను: నల్లవాళ్ళని కించపరిచే ఆ బూతు పదం పుస్తకం నిండా ఉంది, తెల్ల పాత్రలూ అంటాయి, నల్ల పాత్రలూ అంటాయి. ఆ ఊళ్ళో ఆ రోజుల్లో అలాగే మాట్లాడుకునేవారేమో, కానీ చదువుతుంటే కష్టంగానే ఉంటుంది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఫీజు గొడవ. కోర్టు నవలల్లో లాయరు ఫీజు గురించి ఇంత నిజాయతీగా రాయడం నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ కేసు గెలిస్తే పేరు మోగిపోతుంది, టీవీలో కనిపిస్తాడు, జీవితాంతం కేసులు వస్తాయి, ఇదంతా జేక్‌కి తెలుసు, కావాలని కూడా ఉంది. కానీ కార్ల్ లీ దగ్గర డబ్బు లేదు. ఉన్న కాస్త నేల తాకట్టు పెట్టబోతే బ్యాంకు ఇవ్వదు. చివరికి చేతికొచ్చింది వెయ్యి డాలర్ల లోపే. పోనీ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుందా అంటే, కోర్టు నియమించిన లాయరుకి మరణశిక్ష పడే కేసులో కూడా మిసిసిపీలో ఆ రోజుల్లో ఫీజు వెయ్యి డాలర్లు మించకూడదని చట్టమే ఉండేది. నెలల తరబడి మిగతా ప్రాక్టీస్ మొత్తం పక్కన పెట్టి, ఇల్లు ప్రమాదంలో పెట్టి, భార్యనీ కూతుర్నీ ఊరు దాటించి ఆ డబ్బుకి పనిచేయాలి. అయినా ఈ కేసు ఇంకొకరికి పోతుందేమోనన్న భయం జేక్‌కి! మెంఫిస్ నుంచి ఒక ఖరీదైన లాయరు వచ్చి కార్ల్ లీని ఎగరేసుకుపోతాడు, తర్వాత పౌరహక్కుల సంఘం వాళ్ళు తమ లాయర్ని పెట్టాలని చూస్తారు, జేక్ ఆ క్లయింట్‌ని తిరిగి దక్కించుకోవడానికి చేసే పనులు అన్నీ గర్వంగా చెప్పుకునేవి కావు. గ్రిషమ్ వాటిని దాచలేదు. ఇతన్ని దేవుణ్ణి చేయలేదు. న్యాయం కోసం, పేరు కోసం, అప్పుల కోసం ఒకేసారి పనిచేసే మనిషిగా చూపించాడు, చాలామంది లాయర్లు అలాగే ఉంటారని నా నమ్మకం, అందులో తప్పేమీ కనిపించదు నాకు.

మన పాఠకులకి కొంచెం కొత్తగా ఉండేది జ్యూరీ వ్యవహారం. మన కోర్టుల్లో జ్యూరీ పోయి దశాబ్దాలైంది కాబట్టి జడ్జిని ఒప్పించడమే మనకి తెలుసు. అక్కడ పన్నెండుగురు మామూలు జనాన్ని ఒప్పించాలి, ఆ పన్నెండుగురు ఎవరన్న దగ్గరే సగం కేసు తేలిపోతుంది. ఈ నవల్లో ఆ ఎంపిక ప్రక్రియ చాలా పేజీలు నడుస్తుంది, నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే. ఆ కౌంటీలో తెల్లవాళ్ళు ఎక్కువ, అందుకని జేక్ విచారణని నల్లవాళ్ళు ఎక్కువున్న వేరే కౌంటీకి మార్చమని అడుగుతాడు, జడ్జి నూస్ ఒప్పుకోడు. జ్యూరీకి పిలిచినవాళ్ళలో కొందరిని కారణం చెప్పకుండా తీసేయడానికి తనకున్న అవకాశాలన్నీ ప్రాసిక్యూటర్ బక్లీ నల్లవాళ్ళని తీసేయడానికే వాడతాడు. చివరికి కూర్చున్నవాళ్ళు పన్నెండుగురూ తెల్లవాళ్ళే. ఎవరు ఎవరికి బంధువు, ఏ చర్చికి వెళ్తారు, ఎవరి కూతురు ఎవరింట్లో ఉంది, ఇవన్నీ తెలిసిన చిన్న ఊరి లాయరు జాబితాలోని పేర్లు ఒక్కొక్కటే చదువుతూ లెక్కలు వేసుకోవడం ఉంటుంది చూడండి, అది లైబ్రరీలో కూర్చుని సేకరించే సమాచారం కాదు. అదంతా పదేళ్ళు ఆ కోర్టుల్లో తిరిగి చెవులతో పట్టుకున్నది.

వాదన పిచ్చితనం మీద ఆధారపడుతుంది. ఆ క్షణంలో తండ్రికి మతి లేదు, తప్పొప్పులు తెలియని స్థితిలో చేశాడు అన్నది డిఫెన్స్. కార్ల్ లీకి తను ఏం చేస్తున్నాడో బాగా తెలుసని జేక్‌కీ తెలుసు, మనకీ తెలుసు. చట్టంలో దయకి చోటు లేదు కాబట్టి, జ్యూరీ దయ చూపించాలనుకుంటే పట్టుకోవడానికి చట్టపరమైన ఒక కొక్కెం ఇవ్వాలి, ఆ కొక్కెమే ఈ పిచ్చి డిఫెన్స్. ఈ సంగతి జేక్ నోట వచ్చినప్పుడు నాకు కోర్టు పని ఎలా నడుస్తుందో ఒక్కసారిగా అర్థమైంది. ఇరుపక్షాల మానసిక వైద్యుల క్రాస్ ఎగ్జామినేషన్ కూడా ఉంది. ప్రభుత్వ డాక్టర్ ఇంతవరకు ఎన్ని కేసుల్లో సాక్ష్యం చెప్పినా ముద్దాయికి మతి సరిగ్గానే ఉందని చెప్పాడనీ, జ్యూరీ పిచ్చివాడని వదిలేసిన మనుషులకే అదే డాక్టర్ ఆసుపత్రిలో వైద్యం జరుగుతోందనీ జేక్ ఒక్కో ప్రశ్నతో బయటికి లాగుతాడు. ఆ పేజీలు మాత్రం నిలబెట్టి చదివిస్తాయి.

ఇక బాగాలేనివి. సాగదీత ఉంది అన్నాను కదా. మధ్యలో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా వాళ్ళ దాడులు, నేషనల్ గార్డ్ రావడం, తాగుడు సీన్లు, ఒక దాని మీద ఒకటి పేరుకుంటాయి, మూడో వంతు తగ్గించినా నష్టం లేదనిపిస్తుంది. ఆడవాళ్ళ పాత్రలు బలహీనం. భార్య కార్లాని త్వరగానే ఊరు పంపించేస్తాడు, ఎలెన్ రోర్క్ అనే లా విద్యార్థినిని చాలా తెలివైనదని చెప్తూనే ఆమె వేసుకున్న బట్టల మీద అవసరం లేని వాక్యాలు రాస్తాడు, తర్వాత ఆమెకి జరిగేది చదివితే కోపం వచ్చింది నాకు.

కానీ నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఆ పాప ఏది? ఈ నవల మొత్తానికి మూలం 1984లో కోర్టులో నోరు తెరిచి మాట్లాడిన ఒక చిన్న పిల్ల. ఆ పిల్ల ధైర్యం చూసి చలించిపోయిన మనిషి రాసిన పుస్తకంలో టోన్యా అనే పాపకి దాదాపు మాటలే లేవు. మొదట్లో బాధ పడుతుంది, తర్వాత పక్కకి వెళ్ళిపోతుంది. కథ తండ్రి దగ్గరికి జరుగుతుంది, తండ్రి దగ్గర నుంచి లాయరు దగ్గరికి జరుగుతుంది, చివరికి అందరి గొడవా లాయరు గెలుస్తాడా ఓడతాడా అన్నదే. తల్లి గ్వెన్‌కి కూడా ఇంట్లో సరుకులు నిండుకున్నాయని బాధపడటం తప్ప పెద్దగా ఏమీ ఇవ్వలేదు. ఒక నల్లజాతి కుటుంబం మీద పడిన పిడుగుని ఒక తెల్ల లాయరు కెరీర్‌లోంచి చూడటం ఈ పుస్తకంలో ఉన్న పెద్ద లోపం. గ్రిషమ్ తనకి లోపలి నుంచి తెలిసిన జీవితాన్నే రాశాడు, తెలియనిదాని జోలికి పోలేదు, అందుకే లాయరు పేజీలు అంత ప్రాణంతో ఉన్నాయి, ఆ ఇంటి పేజీలు అంత పల్చగా ఉన్నాయి. మనకి రావిశాస్త్రి ఉన్నారు, విశాఖ కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తూనే సారా కేసుల్లో ఇరుక్కున్న మనుషుల కథలు రాశారు, ఆయన కథల్లో ముద్దాయి నోరు తెరిచి మాట్లాడితే లాయర్లూ పోలీసులూ అందరూ వినాల్సిందే. ఆ కథలు చదివినవాళ్ళకి గ్రిషమ్ దగ్గర ఈ వెలితి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

1996లో వచ్చిన సినిమా చూసినవాళ్ళకి ఒక మాట. సినిమాలో కళ్ళు మూసుకుని ఊహించమని జేక్ జ్యూరీని అడిగే చివరి ప్రసంగం అందరికీ గుర్తుంటుంది. పుస్తకంలో ఆ పని చేసేది జేక్ కాదు. తలుపులు మూసిన జ్యూరీ గదిలో వాళ్ళల్లో ఒక ఆవిడే మిగతావాళ్ళని ఊహించమంటుంది. నాకు పుస్తకమే నచ్చింది. లాయరు ఎంత అరిచినా చివరికి ఆ గదిలోకి వెళ్ళలేడు, ఆ నిర్ణయం ఊరివాళ్ళదే, పదేళ్ళు జ్యూరీల కోసం బయట వరండాల్లో ఎదురుచూసిన మనిషికి ఆ సంగతి తెలుసు కాబట్టే అలా రాశాడు.

ఈ మొదటి నవల రాయడం ముగించిన మర్నాడే రెండోది మొదలుపెట్టాడు. అదే ‘ద ఫర్మ్’. ఒక మంచి లా కాలేజీలో చదివిన కుర్రాడికి కళ్ళు తిరిగే జీతం ఇచ్చిన కంపెనీ వెనక మాఫియా ఉంటుంది. పుస్తకం ఏ ప్రచురణకర్త చేతికీ వెళ్ళకముందే రాతప్రతి కాపీ ఒకటి హాలీవుడ్‌లో చేతులు మారి, 1990లో పారమౌంట్ 6,00,000 డాలర్లకి సినిమా హక్కులు కొంది. అది తెలిసి ప్రచురణకర్తలు వచ్చారు. 1991లో పుస్తకం వచ్చింది, న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో 47 వారాలు ఉంది. ఆయన అసెంబ్లీ వదిలేశాడు, ఆఫీసు మూసేశాడు, ఇక రాయడమే పని. అప్పుడు గానీ కారు డిక్కీలో అమ్మిన మొదటి నవలకి మళ్ళీ ముద్రణ రాలేదు, వచ్చాక అదీ లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ తొలి ముద్రణ కాపీలకి ఇప్పుడు పాత పుస్తకాలు సేకరించేవాళ్ళు వేల డాలర్లు పెడుతున్నారు.

‘ద ఫర్మ్’ని ఒక్క బిగిన చదివేస్తారు, గ్యారంటీ. కానీ అందులో ఫీజు గురించి బాధపడే లాయరు లేడు, ఊళ్ళో ఎవరు ఎవరికి బంధువో తెలిసిన లాయరు లేడు. అందులోని హీరో ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే. ఆయన నవలల్లో చాలావాటికి ఈ జబ్బు ఉంది: కథ మొదలు అద్భుతం, మధ్యలో పరుగు, చివర ఎవరో విమానమెక్కి డబ్బుతో ఎక్కడికో వెళ్ళిపోతారు.

అలా కాకుండా మళ్ళీ ఆ పాత వేడి కనిపించింది 1995 నాటి ‘ద రెయిన్‌మేకర్’లో. అప్పుడే పరీక్ష పాసైన, చేతిలో పైసా లేని రూడీ బేలర్ అనే కుర్ర లాయరు. ల్యుకేమియాతో చనిపోతున్న అబ్బాయికి ఎముక మజ్జ మార్పిడి ఖర్చు ఇవ్వనన్న ఇన్సూరెన్స్ కంపెనీ మీద కేసు. అక్కడ ఇలాంటి కేసుల్లో లాయరు ముందు ఏమీ తీసుకోడు, గెలిస్తే వచ్చినదాంట్లో మూడో వంతు లాంటి వాటా తీసుకుంటాడు. మన దగ్గర బార్ కౌన్సిల్ నిబంధనలు ఇలా వాటా మాట్లాడుకోవడాన్ని ఒప్పుకోవు కాబట్టి, ప్రమాదం జరిగిన మర్నాడే లాయర్లు ఆసుపత్రి మంచాల చుట్టూ ఎందుకు మూగుతారో మొదట వింతగా ఉంటుంది. ఆ పద్ధతిలోని పాడూ, డబ్బులేనివాడు పెద్ద కంపెనీ మీద కేసు వేయగలగడానికి ఆ పద్ధతే ఆధారం కావడమూ రెండూ ఈ నవల్లో కనిపిస్తాయి. గ్రిషమ్ తాను చేసిన పని కూడా అదే కదా. 1996లో, అంటే కోట్లు సంపాదించాక, ప్రాక్టీస్ మానేయకముందు ఇచ్చిన మాట కోసం మళ్ళీ కోర్టుకి వెళ్ళాడు. రెండు రైలు బోగీల మధ్య నలిగి చనిపోయిన ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం తరఫున వాదించి, 6,83,500 డాలర్ల పరిహారం గెలిచాడు. ఆయన లాయరు జీవితం మొత్తంలో అదే అతి పెద్ద తీర్పు. డబ్బు అవసరం ఏమాత్రం లేని రోజుల్లో, జనం ఎగబడే నవలా రచయిత అయ్యుండి, పాత క్లయింట్ కోసం పేపర్లు సర్దుకుని జ్యూరీ ముందు నిలబడటం నాకు ఆయన ఏ నవల కంటే ఎక్కువ నచ్చిన సంగతి.

కల్పన వద్దనుకునేవాళ్ళు 2006లో వచ్చిన ‘ది ఇన్నొసెంట్ మ్యాన్’ తీసుకోండి. ఓక్లహోమాలోని ఏడా అనే ఊరి బేస్‌బాల్ ఆటగాడు రాన్ విలియమ్సన్. చేయని హత్యకి మరణశిక్ష పడి, శిక్ష అమలుకి ఐదు రోజుల దూరం దాకా వెళ్ళి, డీఎన్ఏ పరీక్షతో 1999లో బయటపడి, 2004లో చనిపోయాడు. ఆ మరణవార్త పేపర్లో చదివి గ్రిషమ్ ఈ పుస్తకం రాశాడు. తాను కన్న బేస్‌బాల్ కలే కన్న, తన వయసుకి దగ్గర మనిషి. అందుకేనేమో ఇందులో హడావుడి లేదు, అబద్ధపు ఒప్పుకోలు ఎలా పుట్టిస్తారో, వెంట్రుకలు పోల్చి చూసి సాక్ష్యం అనడం ఎంత నాసిరకమో మెల్లగా, కోపం అణుచుకుని చెప్తాడు. ఆ తర్వాత నిర్దోషుల్ని విడిపించే సంస్థల్లో ఇప్పటికీ పనిచేస్తున్నాడు. కోర్టులే వద్దంటే 2001 నాటి ‘ఎ పెయింటెడ్ హౌస్’ ఉంది, 1952లో ఆర్కెన్సా పత్తి చేలలో ఏడేళ్ళ కుర్రాడి కళ్ళతో ఒక పంట కాలం, ఒక్క లాయరు కూడా లేడు. పత్తి ఏరే పని గురించి అంత ఓపిగ్గా రాసినవాడు రోడ్లకి తారు వేసిన కుర్రాడే అని గుర్తొస్తుంది.

జేక్ నచ్చితే అతనితో ఇంకో రెండు నవలలు ఉన్నాయి: 2013లో ‘సికమోర్ రో’, 2020లో ‘ఎ టైమ్ ఫర్ మెర్సీ’. మొదటిది ఒక ముసలాయన చేత్తో రాసి ఆస్తిలో చాలా భాగం నల్లజాతి పనిమనిషికి ఇచ్చేసిన వీలునామా మీద. ఇరవై ఐదేళ్ళ తర్వాత అదే ఊరికి తిరిగొచ్చి రాసినది, మొదటిదాని కంటే కట్టుదిట్టంగా ఉంది, ఆ పనిమనిషికి మాత్రం ఈసారి కాస్త ఎక్కువ చోటు దొరికింది.

నేను కొన్న కాపీ సంగతికి వస్తే, ‘ఎ టైమ్ టు కిల్’ చిన్న సైజు పేపర్‌బ్యాక్ నాకు వచ్చింది. అక్షరాలు చాలా చిన్నవి, కాగితం త్వరగా పసుపెక్కే రకం, వెన్ను మధ్యలో విరుగుతుంది కాబట్టి పూర్తిగా తెరిచి బోర్లా పెట్టకండి. కళ్ళజోడు వాడేవాళ్ళు పెద్ద సైజుదో, ఈబుక్కో తీసుకోవడం మంచిది. ఇంగ్లీషు కష్టం కాదు, వాక్యాలు చిన్నవి, కోర్టు పదాలు నాలుగైదు అధ్యాయాలకే అలవాటవుతాయి. కాకపోతే దక్షిణాది యాస సంభాషణలు కళ్ళకి కొంచెం అడ్డం పడతాయి. అక్కడ ఆడియో బుక్ బాగా పనికొస్తుంది, మైకేల్ బెక్ చదివాడు, ఒక్కో మనిషికి ఒక్కో గొంతు, షెరిఫ్ ఓజీ వాల్స్ మాట్లాడుతుంటే మనిషి ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. నేను కోర్టు భాగాలు వినీ, మిగతావి చదివీ పూర్తి చేశాను. ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ ఒక్కటీ తగ్గించింది టోన్యా కోసం.